చెమ్మ తిన్న ముఖం

2023 ఎండాకాలం. మెదక్‌లో చర్చికి వెళ్లే దారిలో నా ఫోటో స్టూడియో. ఏసీ ఉంది, పనిచేయదు. పాస్‌పోర్ట్ ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లతోపాటు రీస్టోరేషన్ కూడా చేస్తాను. అంటే పాడైన పాత ఫోటోను కంప్యూటర్‌లో బాగుచేయడం. ఫోటోలోని వాళ్లు ఫిర్యాదు చేయరు కనుక ప్రశాంతమైన పని అనుకునేవాణ్ని.

బస్టాండు వెనక బట్టలు కుట్టే జహీరా ఆపా ఒక ఫోటో తెచ్చింది. నిజాం గుర్రపు దళంలో పనిచేసిన వాళ్ల తాత, వాళ్ల అమ్మకు తండ్రి. తలపాగా, కళ్లు మిగిలాయి. కింద అంతా చెమ్మ తినేసింది.

"ఇదొక్కటే ఉన్నది తమ్మీ. అమ్మీకి కండ్లు మసకైతున్నయ్. చూపు పోకముందే వాళ్ల అబ్బాను ఒక్కపారి చూడాల్నంటుంది."

లేని భాగాన్ని మేం కంప్యూటర్‌లో దాచుకున్న వేరే ముఖాల నుంచి తెచ్చి అతికిస్తాం. ముక్కు ఒకరిది, పెదాలు ఒకరివి. చివర్లో ఒంటి రంగు కాస్త తెల్లబరుస్తాం. ఎవరూ అడగకపోయినా మా వృత్తి చేసే మర్యాద అది.

ఈ ఫోటోనూ అలాగే చేశాను. ఆపా వాళ్ల ముసలి అమ్మీ వచ్చి దాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"మంచిగున్నడు. ఎవలు బేటా ఈయన?"

"మీ అబ్బానే, నానీ."

"మరి ఎవల ముక్కు పెట్టుకున్నడు?"

నాకేం అర్థం కాలేదు. ఆపా చెప్పింది: "మేం హబ్షీలం తమ్మీ. ఈయన తాతను పిల్లగానప్పుడే ఆఫ్రికాల పట్టుకొని, ఓడ ఎక్కించి, ఈడికి తెచ్చి అమ్మిండ్రు."

"ఆఫ్రికాల యాడ?"

"అమ్మినోడు చెప్పలె," అంది ముసలామె. "అమ్ముడుపోయినోనికి యాదుంచుకునే వయసు లేకుండె."

ఫోన్‌లో ఆఫ్రికా మ్యాప్ తెరిచాను. చాలా పెద్దది. మూసేశాను.

ముసలామెను స్టూలు మీద కూర్చోబెట్టి ఫోటో తీశాను. ఆమె ముక్కు, చెంపలు, పెదాలు ముడతలు తీసి తండ్రికి అతికించాను. రంగు జోలికి పోలేదు. మీసం ఆమె దగ్గర లేదు కనుక నేనే గీశాను.

ఆమె చాలాసేపు చూసింది. "బక్కగైనవ్ అబ్బా," అంది ఫోటోతో. నేను ఏసీ సంగతి చూస్తున్నట్టు అటు తిరిగాను.

ఫ్రేమ్ కింద పేరు, ఊరు వేయడం మా దగ్గర రివాజు. ఊరి దగ్గర నా చేయి ఆగింది. హైదరాబాదా? ఆఫ్రికానా?

"మెదక్ అని రాయి బేటా."

"ఆయన మెదక్ ఎప్పుడన్న వచ్చిండా నానీ?"

"రాలె. ఇప్పుడొచ్చిండు గద. మల్ల ఎవలు ఎత్తుకపోకుండ జర గట్టి మేకు ఇయ్యి."

అప్పటి నుంచి పోయిన ముఖం కోసం కంప్యూటర్ తెరిచే ముందు, ఎదురుగా కూర్చున్నవాళ్లను ఒకసారి చూస్తున్నాను. ఊరి సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు. మేకు మాత్రం షాపులో ఉన్నవాటిలోకెల్లా పెద్దది ఇచ్చాను.