అరవై ఒక్క మందికి చుట్టం

హజరాబీకి వచ్చిన నోటీసు అసలు ప్రతి, కవరుతో సహా, నా దగ్గర భద్రంగా ఉంది. తపాలా ముద్ర మీద తేదీ 2024 ఫిబ్రవరి 12. నోటీసు ఒక పేజీ. దానికి జతపరచిన జాబితా నాలుగు పేజీలు. అంతా ఇంగ్లీషే. ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషికి, ఆమెకు సరిగా రాని భాషలో, ఆమె మోసగత్తె అని తెలియజేయడం ఏ మర్యాదో నాకిప్పటికీ బోధపడలేదు.

ఆ కాగితాలు పట్టుకుని ఆమె జగ్గయ్యపేటలోని మా ఇంటికి వచ్చింది. నలభై తొమ్మిదేళ్ల మనిషి. మా వీధి చివర మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

"బాబాయ్‌గారూ, ఇది కాస్త చదివి పెట్టండి. సగం మాటలు తెలుస్తున్నాయి, సగం తెలీట్లేదు."

"తెలిసిన సగం ఏమిటమ్మా?"

"హాస్పిటల్, పేషెంట్, అటెండెంట్. ఇవి నా మాటలే. మిగతావే పోలీసోళ్ల మాటల్లా ఉన్నాయి."

పోలికలో తప్పేమీ లేదు. నందిగామ దాటి కీసర వైపు వెళ్తుంటే హైవే పక్కన నాలుగంతస్తుల ట్రస్టు ఆసుపత్రి ఒకటి ఉంది. దాని పేరు కావాలనే రాయడం లేదు. పద్నాలుగు నెలల్లో ఈమె అరవై ఒక్క మంది రోగుల వెంట వచ్చిందనీ, ప్రతిసారీ రోగికి బంధువునని రాయించిందనీ, ఒకరికి కూతురు, మరొకరికి అక్క, ఇంకొకరికి కోడలు, ఇలా మతాలు, ఇంటిపేర్లు వేరైన వారందరికీ ఒకే మనిషి చుట్టం కావడం అసాధ్యమనీ, కనుక ఈమె కమీషన్ల మీద రోగులను తిప్పే బ్రోకరని అనుమానిస్తున్నామనీ ఆ నోటీసు సారాంశం. ఫిబ్రవరి 21న విచారణ. అంతవరకు ఆవరణలో అడుగు పెట్టకూడదు. నేరం రుజువైతే పోలీసులకు అప్పగిస్తారు.

నేను తెలుగులో చెప్పడం ముగించేసరికి ఆమె ముఖంలో భయం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"వాళ్లు అడిగారు, నేను చెప్పా. అంతేగదండీ!"

"ఏమని అడిగారు?"

"పేషెంటుకి మీరేమవుతారు అని. రాఘవమ్మగారిని నేను అమ్మా అంటా. అందుకని కూతుర్నని చెప్పా. ఆ జయరాజ్ నన్ను అక్కా అంటాడు. అక్కనని చెప్పా. ఇంకేం చెప్పమంటారు? ఏమీ కానంటే గేటు దాటనిస్తారా?"

మా వైపు ఎవరూ ఎవరినీ ఉత్త పేరుతో పిలవరు. కూరలమ్మే ఆవిడ పిన్ని, ఆటో నడిపే అతను బాబాయి, పక్కింటి ముసలాయన తాత. వరస కలపనిదే మాట మొదలు కాదు. హజరాబీకి నేను బాబాయిని. మా తాతలు ఏ కాలంలోనూ చుట్టాలు కారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నోట నానిన ఆ వరసలనే ఆమె ఆసుపత్రి కిటికీ దగ్గర చెప్పింది. కిటికీ అవతలి కుర్రవాడు వాటిని కంప్యూటర్‌లో ఎక్కించాడు. కంప్యూటర్ వాటిని నేరాలుగా లెక్కగట్టింది.

ఆమెకు ఈ తోడు వెళ్లే పని ఎలా అబ్బిందో చెప్పాలి. 2016లో ఆమె భర్త ఖయ్యూమ్ సున్నపురాయి క్వారీలో టిప్పర్ నడిపేవాడు. దగ్గు, ఛాతీలో నొప్పి. ఇదే ఆసుపత్రికి వెళ్లారు. గోడల నిండా బోర్డులు, బోర్డుల నిండా ఇంగ్లీషు. ఎక్కడికి పోవాలో తెలియక, అన్నిటికంటే పొడవైన వరుసలో నిలబడ్డారు. ఎక్కువ మంది ఉన్నచోటే మంచి డాక్టరు ఉంటాడని మనవాళ్ల నమ్మకం గదా! మూడు గంటల తర్వాత తేలిందేమిటంటే, అది ఎముకల డాక్టరు గది. అప్పటికి ఓపీ కట్టేశారు. మర్నాడూ దాదాపు ఇదే కథ. అప్పుడు మెర్లిన్ అనే నర్సు వీళ్ల అవస్థ చూసి, హజరాబీ అరచేతిలో పెన్నుతో "పల్మనాలజీ, రెండో అంతస్తు" అని తెలుగక్షరాల్లో రాసి పంపింది. ఖయ్యూమ్ బతికాడు. దుమ్ము పని మానేసి ఇప్పుడు పంక్చర్ షాపు నడుపుతున్నాడు. హజరాబీ మాత్రం ఇంటికి రాగానే చేయి కడుక్కోకుండా ముందు ఆ మాటను నోటు పుస్తకంలో ఎక్కించింది.

ఆ పుస్తకం ఇప్పుడు ముప్పై ఎనిమిది పేజీలు. నకలు నా దగ్గరుంది. నిఘంటువులు చాలా చూశాను గానీ ఇటువంటి అర్థాలు ఎక్కడా చూడలేదు.

"క్యాజువాలిటీ: ప్రాణం మీదికి వస్తేనే. ఇక్కడ చీటీ తర్వాత, మనిషి ముందు."

"రేడియాలజీ: లోపలి ఫొటోలు తీస్తారు. గొలుసు, గాజులు ఇంట్లో పెట్టి రావాలి."

"బయాప్సీ: చిన్న ముక్క తీసి చూడటం. మాట వినగానే ఏడవొద్దు. చూసేదాకా ఏమీ తేలదు."

"డిశ్చార్జ్ సమ్మరీ: ఇంటికి పంపేరోజు ఇచ్చే కాగితం. పారేస్తే మళ్లీ మొదటినుంచి."

"ఆంకాలజీ: క్యాన్సర్ డాక్టర్లు. ఈ మాట పేషెంటుకి నేర్పేముందు ఇంట్లోవాళ్లని అడగాలి."

ఒకసారి నేను పూనుకుని ఈ మాటలన్నింటికీ తెలుగు చేసి ఇచ్చాను: శ్వాసకోశ వ్యాధుల విభాగం, మూత్రపిండ వ్యాధుల విభాగం, ఇలా. ఆమె శ్రద్ధగా చదివి మడిచి తిరిగిచ్చేసింది. "బాగున్నాయి బాబాయ్‌గారూ. కానీ అక్కడికెళ్లి మూత్రపిండం ఎక్కడండీ అంటే వాచ్‌మన్ బాత్రూమ్ చూపిస్తాడు." భాషాభిమానిగా నాకు కోపం వచ్చింది.

ఆమె పద్ధతి ఒకటుంది. మొదటిసారి రోగి పక్కనే నడుస్తుంది. ప్రతి బోర్డు దగ్గరా ఆపి, చదివి, తిరిగి చెప్పిస్తుంది. రెండోసారి హాల్లో స్తంభం దగ్గర ఆగిపోతుంది. అడగడం, వెళ్లడం రోగి పనే. మూడోసారి అసలు రాదు. బతిమాలినా రాదు. దారి ఖర్చు, మధ్యాహ్నం భోజనం తప్ప ఏమీ పుచ్చుకోదు. తిరుగు బస్సులో పాఠం అప్పజెప్పించుకుంటుంది. ఆ మార్గంలో కండక్టర్లందరికీ ఈ సంగతి తెలుసు. "ఇవాళ ఏ క్లాసు హజరమ్మా, గుండెకాయా కిడ్నీలా?" అని టికెట్టు కొడుతూ అడుగుతారు.

అటువంటి మనిషికి బ్రోకరన్న పేరు వచ్చింది. నోటీసు నా చేతికి రాకముందే ఆ మాట పేట బజారుకు చేరింది. కుట్టడానికి గుడ్డలిచ్చేవారు సైతం తగ్గారు. అప్పటికే తోడు రమ్మని మాట్లాడుకున్న ముగ్గురు ఏదో ఒక సాకు చెప్పి తప్పుకున్నారు.

"మానెయ్ హజరా, మనకెందుకు?" అన్నాడు ఖయ్యూమ్ నా ఎదుటే.

"ఇప్పుడు మానేస్తే అవునని ఒప్పుకున్నట్టేగా? నీ దగ్గుకి మందు ఆ గేటు లోపలే దొరికింది. ఆ గేటు దగ్గర నన్ను దొంగని చేస్తే ఊరుకోను."

సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు దస్తావేజులు చదివినవాడిని. మనిషి దాచినదాన్ని కాగితం దాచలేదని నా అనుభవం. వసారాలో కూర్చుని వాళ్లు పంపిన నాలుగు పేజీలను మూడు రోజులు గీతల కాగితం మీద రోగి పేరు వారీగా తిరగరాశాను. మొత్తం నూట నాలుగు నమోదులు. నలభై ముగ్గురు రోగుల వెంట ఆమె రెండేసి సార్లు వెళ్లింది. పద్దెనిమిది మంది వెంట ఒక్కసారే. మూడోసారి ఆమె తోడు వెళ్లిన రోగి ఒక్కడంటే ఒక్కడు లేడు. రోగిని వదలకుండా పట్టుకుని తిరిగితేనే గదా బ్రోకరు బతికేది? రెండుసార్లతో రోగిని వదిలేసే బ్రోకరు ఏ లోకంలో ఉంటాడు? ఆమె నిర్దోషి అని నాలుగు పేజీల్లో టైపు చేసి, సంతకం పెట్టి, మనకే పోస్టులో పంపిన ఆ మహానుభావుల తెలివికి నమస్కరించాను.

21వ తేదీ ఉదయం పది గంటలకు విచారణ. గేటు దగ్గర నోటీసు చూపించాకే లోపలికి వదిలారు. బల్లకు అవతల సూపరింటెండెంట్ డాక్టర్ పుష్పవతి, ఆమె పక్కన కంప్యూటర్‌తో మేనేజరు దిలీప్. నోటీసు మీద సంతకం ఇతనిదే. నా పట్టిక ఆమె ముందుంచి, చెప్పవలసింది చెప్పాను. ఆవిడ వేలుతో ఒక్కో వరుసా చూసుకుంటూ వచ్చింది.

"రెండుసార్లే వచ్చింది. నిజమే దిలీప్."

దిలీప్ తడుముకోలేదు. "రెండుసార్లు ఇక్కడ చూపించి, మూడోసారి ఇంకో హాస్పిటల్‌కి తీసుకెళ్లుండొచ్చుగా మేడమ్? అసలు బిజినెస్ అక్కడే జరుగుద్ది."

నా సంచిలో కట్టెడు కాగితాలున్నాయి. ఆ ప్రశ్నకు జవాబిచ్చే కాగితం ఒక్కటీ లేదు.

హజరాబీ కుర్చీలోంచి లేచి నిలబడింది. "అయితే ఇవాళ ఓపీలో ఆ లిస్టులోవాళ్లు ఎవరన్నా ఉన్నారేమో చూడండి సార్. ఆ డబ్బాలో కనిపిస్తది కదా?"

డాక్టర్ పుష్పవతి తల ఊపింది. దిలీప్ మీటలు నొక్కాడు. ఒకసారి కాదు, రెండుసార్లు నొక్కాడు. "నలుగురున్నారు మేడమ్," అన్నాడు గొంతు తగ్గించి. ఎవరినైనా ఒకరిని పిలిపించమంది ఆవిడ.

పది నిమిషాలకు గరికపాడు వైపు మిరప రైతు కుటుంబానికి చెందిన రాఘవమ్మ, డెబ్బై దాటిన మనిషి, చంకలో ఫైలుతో, మండిపడుతూ లోపలికి వచ్చింది.

"నా నంబరు ఇరవై ఏడు. ఇరవై నాలుగు నడుస్తుంటే లేపుకొచ్చారు. నా వంతు పోతే ఎవరిస్తారు?"

"మీ వంతు పోకుండా నేను చూస్తా. మీతో ఎవరొచ్చారమ్మా?"

"ఎవరూ రాలా. నాకేం, కాళ్లు లేవా?"

"ఏ డిపార్ట్‌మెంటుకి వచ్చారు?"

రాఘవమ్మ హజరాబీ వైపు ఒక్క చూపు చూసి, బడిపిల్లలా నిటారుగా నిలబడింది. "నెఫ్రాలజీ. మూడో ఫ్లోరు, లిఫ్టు దిగి ఎడం పక్క. పైకెళ్లే ముందు కింద ల్యాబులో క్రియాటినిన్‌కి రక్తం ఇవ్వాలి. రిపోర్టు లేకుండా పైకి పోతే మళ్లీ కిందికి తోలతారు. పోయినసారి రెండు పాయింట్ ఒకటి, ఇవాళ ఒకటి పాయింట్ ఎనిమిది."

"క్రియాటినిన్ అంటే ఏంటమ్మా?"

"అదేంటో మీరు చదువుకున్నారుగా డాక్టరమ్మా! నాకు తెలిసిందల్లా, తగ్గితే మీరు నవ్వుతారు, పెరిగితే తిడతారు."

డాక్టర్ పుష్పవతి నవ్వు ఆపుకోలేకపోయింది. దిలీప్ మాత్రం పట్టు విడవలేదు. "ఈవిడ మీకేమవుద్దండీ?"

"హజరానా? కూతురు."

"సొంత కూతురా?"

"సొంత కూతురైతే మూడోసారి నన్ను ఒంటిగా తోలుద్దా నాయనా? ఇది తోలింది. బస్సులో అందరి ముందూ నా చేత పాఠం చెప్పించింది. సిగ్గుతో చచ్చా. ఇప్పుడు మా వీధిలో నలుగురికి నేనే చెప్తున్నా. సరే, నే పోతా, ఇరవై ఆరు వచ్చుంటది." ఎవరి అనుమతీ అడగకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత కంప్యూటర్ తన పని తాను చేసింది. అరవై ఒక్క మందిలో యాభై ముగ్గురు ఇప్పటికీ ఆ ఆసుపత్రికే వస్తున్నారు. తోడు కాలమ్‌లో వాళ్ల ఇంటివాళ్ల పేర్లో, ఖాళీయో. మిగిలిన ఎనిమిది మందికీ డాక్టర్లే ఇక రానక్కర్లేదని రాశారు. దిలీప్ తెరను సూపరింటెండెంట్ వైపు తిప్పి, "నేను చూడలేదు మేడమ్. సారీ," అన్నాడు.

"నాకు కాదు, ఆవిడకి చెప్పండి," అంది ఆవిడ. అతను చెప్పాడు. చెప్పేటప్పుడు లేచి నిలబడ్డాడని కూడా రాయడం న్యాయం.

నోటి మాటతో నేను తృప్తిపడలేదు. నోటీసు రద్దయినట్టు కాగితం కావాలన్నాను, తెలుగులో కావాలన్నాను, సంతకం, ముద్ర ఉండాలన్నాను. "తెలుగు టైపింగ్ మా దగ్గర లేదండీ," అన్నాడు దిలీప్. "చేతులున్నాయి గదా!" అన్నాను. డాక్టర్ పుష్పవతి స్వయంగా రాసింది. ఆరోపణ తప్పని తేలిందనీ, నమోదు పత్రంలో బంధుత్వం గడిలో ఇకపై "తోడు" అన్న మాట కూడా చేరుస్తామనీ, వారంలో రెండు రోజులు హెల్ప్ డెస్క్‌లో కూర్చోవలసిందిగా హజరాబీని కోరుతున్నామనీ.

హెల్ప్ డెస్క్ మాట వినగానే హజరాబీ షరతు పెట్టింది: ప్రతి ఇంగ్లీషు బోర్డు కింద తెలుగక్షరాల్లో అదే మాట, దాని పక్కన అది దేనికో. "నెఫ్రాలజీ, కిడ్నీలు. అంతే చాలు మేడమ్." నేను మూత్రపిండాల కోసం నోరు తెరవబోయి, ఆమె ముఖం చూసి మూసుకున్నాను. మార్చి నెలాఖరుకు బోర్డులు పడ్డాయి. ఫొటోలు నా దగ్గరున్నాయి.

ఆ రోజు తిరుగు బస్సులో సీటు దొరకలేదు. కమ్మీ పట్టుకుని నిలబడే హజరాబీ ఆ కాగితం విప్పింది. కండక్టర్ అలవాటుగా అడిగాడు: "ఇవాళ ఏ క్లాసు హజరమ్మా?"

"ఇవాళ నా క్లాసే. వినండి," అని మొదటి అక్షరం నుంచి ముద్ర దాకా గట్టిగా చదివింది. నందిగామలో ఎక్కినవారి కోసం మళ్లీ మొదటినుంచి చదివింది. ఎవరో ఈల వేశారు. వెనక సీటులోని ముసలాయన తన ఫైలు తీసి, "అమ్మాయ్, ఇది ఏ డాక్టరుదో కాస్త చూడు," అని అందరి తలల మీదుగా ముందుకు పంపాడు.

మర్నాడు పాలు తెచ్చుకోవడానికి వెళ్తూ వాళ్లింటి వైపు చూశాను. మిషను పక్కన కుట్టవలసిన గుడ్డల మూట. అరుగు మీద ఫైళ్లతో ఇద్దరు. హజరాబీ పమిట సర్దుకుంటూ బయటికి వచ్చి, పలకరింపు కూడా లేకుండా, రక్తపరీక్ష చీటీ పట్టుకున్న మొదటి మనిషిని అడిగింది:

"పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా?"