తగనివాడికి ఇచ్చిన కన్ను

2022లో నేను రాజమండ్రి దగ్గర ఒక కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుని. అంటే కళ్లు పరీక్షించి డాక్టరు గారి దగ్గరికి పంపేవాణ్ణి. బాగా మాట్లాడతానన్న అపవాదు ఒకటి ఉండటంతో కౌన్సెలింగు కూడా నాకే అంటగట్టారు. కంటి ముందుండే అద్దంలాంటి పొర కార్నియా. అది పాడైతే, చనిపోయినవారు దానం చేసిన పొరని అక్కడ కుడతారు. దాన్నే ట్రాన్స్‌ప్లాంట్ అంటారు. దానికి వచ్చినవాళ్ల భయం పోగొట్టడం నా పని.

అందుకోసం ఒక మాట తయారుచేసుకున్నాను. "ఇది ఉచితమండి. దాత ఎవరో కూడా చెప్పం. ఆ కుటుంబం గర్వపడేలా బతకండి, చాలు." చాలామంది కన్నీళ్లు పెట్టుకునేవారు. ఆపరేషన్ ముందు ఏడిపించొద్దని డాక్టరు గారు విసుక్కునేవారు. మా అడ్మినిస్ట్రేటర్ మేడమ్‌కి మాత్రం ఆ మాట తెగ నచ్చి, దాన్నే వరండాలో ఫ్లెక్సీగా కట్టించారు.

అబ్బులు గారు కోనసీమ తీరం నుంచి వచ్చిన జాలరి. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. రెండోదానికి చేప రెక్క గుచ్చుకుని, పుండై, లోతుకి దిగింది. ఆ వారంలో పొర మార్చకపోతే కంటికి చిల్లు పడుతుంది. అదృష్టం కొద్దీ పొర దొరికింది. నా మాట నేను చెప్పాను.

"అయితే వద్దండి," అన్నారు.

"వద్దంటారేంటండీ?"

"అలా బతకలేనండి. తాగుతాను. నా పెళ్లాన్ని కొట్టేవోణ్ణి. మొన్నే బాప్తిస్మం తీసుకున్నాను. ఆర్నెల్లు సక్కగా ఉండి అప్పుడొత్తాను. ఈ పొర ఎవరైనా తగినోడికి పెట్టండి."

ఆర్నెల్లకి ఆయన తగినవాడవుతారేమో గానీ, కన్ను ఉండదు. ఆ సంగతి చెప్పినా కదల్లేదు. నేను పుట్టు క్రైస్తవుణ్ణి. కృప అంటే అర్హత లేనివాడికి దేవుడు ఊరికే ఇచ్చేదని ఆరేళ్లకే కంఠతా పట్టి, అందరికన్నా బాగా అప్పజెప్పినందుకు ప్రైజు కూడా కొట్టాను. తీరా అవసరమొచ్చేసరికి ఒక్క ముక్క నోటికి రాలేదు.

పక్కనే మందు చుక్కల సీసా పట్టుకుని కూర్చున్న ఆయన భార్య మంగ గారు అందుకున్నారు.

"ఏవయ్యా, గోదాట్లో ముంచేటప్పుడు పాస్టరుగారు నిన్ను ఇంటికాడ తానం సేసి రమ్మన్నారా?"

"లేదు."

"దేవుడికాడికి మురికితో దిగినోడివి, డాక్టరుగారికాడ నీకు సబ్బు కావాల్సొచ్చిందా?"

"అది కాదే..."

"తగినోడంట! తగినోళ్ల కోసమే అయితే ఆయన సిలవెక్కడం ఎందుకు? కబురెడితే సరిపోను!" ఆవిడ నావైపు తిరిగారు. "మీరు కూడానండీ. ఊరికే ఇత్తన్నామని సెప్పి సివర్లో ఆ మెలికేంటండీ? ఇచ్చేదైతే ఇవ్వండి."

ఆ మెలికని తప్పుపట్టిన మొదటి మనిషి ఆవిడే. నిజమే మరి. దాత కుటుంబం ఏ షరతూ పెట్టలేదు. సంతకం చేసి, ఏడ్చుకుంటూ వెళ్లిపోయారు. షరతు నేను కనిపెట్టాను, వాళ్ల పేరు మీద.

"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానండి," అన్నాను. "మీరెలా బతికినా ఈ పొర మీదే."

"తాగినా?"

"తాగినా."

ఆసుపత్రి ఉద్యోగి అనకూడని మాటే. "తాగితే సంగతి నేను సూసుకుంటాను, మీరు కానివ్వండి," అన్నారు మంగ గారు. ఆయన ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్రకి బొటనవేలు చాపారు.

ఆపరేషనైన మూడో నెల అబ్బులు గారు చెకప్‌కి వచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు. మంగ గారు రెక్క పట్టుకుని లాక్కొచ్చారు. కల్లు వాసన. ఆపరేషన్ తర్వాత అదే మొదటిసారట.

అడ్మినిస్ట్రేటర్ మేడమ్ నన్ను పక్కకి పిలిచారు. "చూశారా? మీరు ఆ మాట మానేశారు, ఆయన ఇలా తయారయ్యారు. ఇప్పుడైనా గట్టిగా చెప్పండి."

"చెప్పనండి. ఫ్లెక్సీ కూడా దింపించండి."

మేడమ్ దింపించలేదు. నేనే దింపాను. మెమో ఇచ్చారు, తీసుకున్నాను.

కృప ఊరికే దొరుకుతుందని మొదటి రోజు అనడం ఎవరికైనా తేలికే. మూడో నెలలో వాసన కొడుతున్నప్పుడు కూడా అనగలగాలి. మంచి నడతకి ఇచ్చేదైతే దాన్ని జీతం అంటారు. ఈ సంగతి నాకు ఏ ప్రసంగంలోనూ ఎక్కలేదు, పరీక్ష గదిలో ఎక్కింది. ఆ తర్వాత ఏ పేషెంటు దగ్గరా ఆ మెలిక పెట్టలేదు. ఎవరు మెమో ఇచ్చినా పెట్టను.

ఆ రోజు పరీక్ష గదిలో అబ్బులు గారు తల ఎత్తలేదు. "ముందే సెప్పానుగా అండీ. తీసేసుకుంటారా?"

"గడ్డం ఇక్కడ పెట్టండి," అన్నాను, కంటిని పెద్దదిగా చూపించే స్లిట్ ల్యాంప్ ముందుకి జరుపుతూ. పెట్టారు. పొర అద్దంలా ఉంది. చీటీ మీద అదే రాశాను. ఇంకేమీ రాయలేదు.