వెంకటేశ్వరి దగ్గరున్న రాక్షసబల్లులు

గల్ఫ్ దేశంలో, మిష్రిఫ్‌లోని ఆ విల్లా వెనుక గది పొడవు మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు, వెడల్పు రెండున్నర మీటర్లు. అందులోని ఇనుప మంచం కింద, నేల తగలకుండా, రెండు చెక్కపలకల నడుమ ఉతికిన నూలు దుప్పటిలో పదకొండు కాగితాలు ఉండేవి. ఒక్కొక్కటి నలభై రెండు సెంటీమీటర్ల పొడవు, ముప్పైకి కాస్త తక్కువ వెడల్పు. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే గుళికలను వెంకటేశ్వరి గుడ్డమూటలు కట్టి నాలుగు మూలలా పెట్టేది. అవి నీలం నుంచి గులాబీ రంగుకు తిరిగినప్పుడు, పళ్లెంలో పోసి ఓవెన్‌లో సన్న సెగకు పెడితే మళ్లీ నీలానికి వచ్చేవి. ఈ పద్ధతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. మెత్తబడిన వడియాలను ఎండబెట్టడం తెలిసినందువల్ల ఇది తట్టింది.

వెంకటేశ్వరిది అన్నమయ్య జిల్లాలో సంబేపల్లె దగ్గరి ఊరు. 2010లో, ముప్పై అయిదో ఏట, ఆ ఇంట్లో పనికి కుదిరింది. ఇంటి పెద్ద యూసుఫ్‌ను నాన్న అనే అర్థంలో బాబా అనీ, ఆయన భార్యను అమ్మ అనే అర్థంలో మామా అనీ పిలిచేది. యూసుఫ్ అహ్మది చమురు క్షేత్రంలో ముప్పై ఒక్క సంవత్సరాలు భూగర్భ పటాలు గీసి ఉద్యోగ విరమణ చేసినవాడు. ఆ తర్వాత ఒక పిల్లల మాసపత్రికకు నెలకొక పుట చొప్పున బొమ్మల కథ గీసేవాడు. సముద్రం వెనక్కి పోయిన నేల మీద పిల్లలను నడిపించుకుంటూ నీటిని వెతికే ఒక తల్లి రాక్షసబల్లి కథ అది. మొత్తం నలభై పుటలు.

ఒక ఉదయం బల్ల తుడవబోయి ఆమె ఆరుతున్న పుట ముందు ఆగింది. ఏం అర్థమైందని యూసుఫ్ అడిగాడు. క్రియలకు కాలం ఉండని వంటింటి అరబ్బీలో ఆమె చెప్పింది.

"పిల్ల నడుస్తాంది. మళ్ల గుడ్డులోకి పోతాంది. గుడ్డు మూసుకుంటాంది. పాపం, బయట బాగలేదని వెనక్కి పోయింది."

ఆమె తెలుగు అలవాటు కొద్దీ ఎడమ నుంచి చదివింది. అరబ్బీ పుట కుడి నుంచి మొదలవుతుంది. గుడ్డు పగిలి, పిల్ల బయటికి వచ్చి, నడక సాగించడం అసలు కథ. యూసుఫ్ కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వాడు. ఆమె నొచ్చుకోలేదు, తగ్గలేదు కూడా.

"నవ్వు, బాబా. కానీ కాలు తప్పు గీసినావు. కోడి కాలెత్తితే వేళ్లు ఇట్ల ముడుచుకుంటాయి. నువ్వు చీపురు మాదిరి విప్పి పెట్టినావు."

అరచేతిని పైకెత్తుతూ వేళ్లు దగ్గరకు మూసి చూపింది. యూసుఫ్ మూడుసార్లు ఆ చేయి ఎత్తించి చూశాడు. తెల్ల రంగుతో పాత వేళ్లను కప్పి, ముడుచుకున్న వేళ్లు గీశాడు. తెలుగులో ఈ జంతువును రాక్షసబల్లి అంటారని యూసుఫ్‌కు చెప్పినప్పుడు కూడా ఆమెకు ఒక అభ్యంతరం ఉంది: "పేరు పెట్టినోడు దాని నడక చూసిండడు. ఇది బల్లి గాదు. కోడి." రెండు కాళ్ల మీద నడిచి వేటాడిన జాతుల విషయంలో శాస్త్రం ఆమె పక్షానే ఉంది.

2011 ఈద్ నాడు యూసుఫ్ ఆమెకు ఆ కథలోని ఒక పుట రంగుల ముద్రణను చట్రం కట్టించి ఇచ్చాడు. వెంకటేశ్వరి తీసుకోలేదు. "ఇది కాదు బాబా. అసలుది." తెలుగు మాటే అన్నది. అరబ్బీలో మూలాన్ని 'అస్ల్' అంటారు, తెలుగులోకి ఈ మాట అక్కడినుంచే నడిచి వచ్చింది. అనువాదం అవసరం లేకుండా యూసుఫ్‌కు అర్థమైంది. పుటల దొంతర ఆమె ముందు పెట్టి, నచ్చింది తీసుకొమ్మన్నాడు.

ఆమె అందమైన పుట తీయలేదు. దిద్దుబాట్లు ఎక్కువగా ఉన్న పుట తీసింది. కిటికీ పక్కన కాగితాన్ని వాలుగా పట్టుకుంటే తెల్ల రంగు గట్టులా లేచి కనిపిస్తుంది. కింద కప్పిన పాత గీత లీలగా తెలుస్తుంది. అంచున నీలం పెన్సిల్‌తో కొలతలు, తుడిచిన వేలిముద్ర. అచ్చులో ఇవేవీ ఉండవు. ఆయన ఎక్కడ సందేహించాడో, ఎన్నిసార్లు సందేహించాడో మూల పుటలోనే ఉంటుంది. ఆ తర్వాత ఏటా ఆ ఈద్‌కు ఒక పుట, 2021 వరకు. ఎన్నుకోవడానికి ఆమెకు ఒక్కోసారి గంట పట్టేది. ప్రతిదాని వెనుకా యూసుఫ్ తేదీ వేసి, 'వెంకటకు' అని రాసి, సంతకం చేశాడు.

యూసుఫ్ 2022లో మరణించాడు. మరుసటి ఏడాది ఆయన కొడుకు తలాల్, తండ్రి బొమ్మలను నగరంలో ప్రదర్శించాలని పుటలు లెక్కపెట్టాడు. ఇరవై తొమ్మిదే ఉన్నాయి. వంటింట్లో మామా టీ తాగుతుండగా వచ్చి అడిగాడు.

"ఆ పదకొండూ తెచ్చివ్వు, వెంకటా. బదులుగా మంచి ప్రింట్లు చట్రాలతో చేయిస్తాను. మరకలు తీసేసి. వాటికంటే శుభ్రంగా ఉంటాయి."

"మరకలు తీసేస్తే నాకేం మిగుల్తుంది? వద్దు."

"నాన్నకు ముసలితనం. ఎవరేమడిగినా ఇచ్చేవాడు."

"నువ్వు కారు అడిగితే ఇచ్చినాడా? లేదు గదా. ఆలోచించే ఇచ్చినాడు. వెనక రాసిండాది, చూసుకో."

తలాల్ ముఖం ఎర్రబడింది. మామా టీ గ్లాసు కింద పెట్టింది.

"నీకు ఆ కథ చదవడమే రాదు," అన్నాడతను. "నలభై పుటలూ ఒకచోట ఉండాలి."

"ఉండనీ. ప్రదర్శనకు అరువిస్తా. చీటీ రాసియ్యి, కింద నా పేరు పెట్టు. అయిపోయినాక తిరిగియ్యి."

"ఇంటి వస్తువును ఇంటికే అరువిస్తావా? ఖలాస్. అమ్మ వచ్చే నెల నా దగ్గరికి వస్తోంది. అక్కడ నీకు పని ఉండాలంటే ఆ కాగితాలు ఈ బల్ల మీద ఉండాలి."

పధ్నాలుగో ఏడు నడుస్తున్న ఉద్యోగం ఒకవైపు, పదకొండు కాగితాలు ఒకవైపు. ఆమె చేతులు కడుక్కుని తుడుచుకుంది.

"పని ఇంకోచోట దొరుకుతాది," అన్నది.

ఆమె వీసాకు పూచీపడిన కఫీల్ తలాల్ కాదు, మామా. ఎనిమిదో రోజున మామా, వెంకటేశ్వరి నివాస అనుమతి అయిన ఇఖామాను మూడు వీధుల అవతల ఉన్న ఇంకో ఇంటికి మార్చే కాగితం మీద సంతకం చేసి, "యూసుఫ్ ఇచ్చినదాన్ని నేను అడగను. కొడుకుతో పోట్లాడే వయసు కూడా నాకు లేదు," అన్నది. వెంకటేశ్వరి ఆమె చేతిని కళ్లకద్దుకుంది. సామాను ఒక సూట్‌కేసు, రెండు చెక్కపలకలు. పలకలను మాత్రం టాక్సీ డ్రైవరును తాకనీయలేదు.

2024 ఫిబ్రవరిలో ప్రదర్శన మొదలైంది. మొదటి శుక్రవారం, సెలవు పూట, ఆమె అనీసాను వెంటబెట్టుకుని వెళ్లింది. అనీసా రాయచోటి మనిషి, కొత్త ఇంటి పక్క ఇంట్లో వంట చేస్తుంది, అరబ్బీ చదవగలదు. గోడ మీద నలభై చట్రాలు. పదకొండింటిలో ముద్రించిన నకళ్లు. ఒక్కోదాని కింద చిన్న అట్టచీటీ.

"ఏం రాసినారు మే?"

"నకలు అంట అక్కా. అసలుది పోయిందంట."

"యాడికి పోయింది?"

"నీ మంచం కిందికి," అని అనీసా నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకుంది.

వెంకటేశ్వరి హాలు మధ్యలో నిలబడి ఉన్న తలాల్ దగ్గరికి నేరుగా నడిచింది.

"పోయిందని ఎందుకు రాసినావు? దొంగలెత్తుకపోయినారా?"

"ఇంకేం రాయమంటావు?" అతడు గొంతు తగ్గించాడు. "పనిమనిషి దగ్గర ఉందని రాయాలా?"

"పనిమనిషి అని రాయొద్దు. వెంకటేశ్వరి అని రాయి."

"అతిథులున్నారు. వెళ్లు."

ఆమె వెళ్లింది, గుమ్మం వైపు కాదు. సంచిలోంచి బాల్‌పెన్ను తీసి, మొదటి అట్టచీటీ మీద అరబ్బీ అక్షరాల కింద తెలుగులో రాసింది: 'పోలేదు. నా దగ్గర ఉంది. వెంకటేశ్వరి.' తర్వాత రెండోది. కాపలా మనిషి కదలబోతే తలాల్ చేయెత్తి ఆపాడు. అతిథుల ముందు గొడవ అతనికి ఇష్టం లేదు. అక్షరాలు నిదానంగా, గుండ్రంగా పడ్డాయి. పదకొండు చీటీలకు పదిహేడు నిమిషాలు పట్టింది.

"పోలీసులను పిలిస్తే ఏం జేస్తావక్కా?" అన్నది అనీసా, బయటికి వచ్చాక.

"పిలవనీ. కాగితాలు చూపిస్తా. ఎవరి సంతకమో చదువుకుంటారు."

ఎవరూ పిలవలేదు. రెండో శుక్రవారం నాటికి చీటీలన్నీ మారాయి. కొత్త వాటి మీద కూడా అదే మాట, పైన నునుపైన ప్లాస్టిక్ పొర. అనీసా వేలితో తడిమి చూసింది.

"పెన్ను పడదు అక్కా. తెలివిగా చేసినారు."

"ఆరు దినార్ల టాక్సీ ఊరికే పెట్టుకొని వచ్చినానా," అంటూ వెంకటేశ్వరి సంచిలోంచి నల్లటి మార్కర్ తీసి, మూత పళ్లతో లాగి, మొదటి చట్రం ముందు నిలబడింది.