ఐస్‌క్రీమ్ బకెట్లో ఏడు అప్పులు

అర్డిస్ నైగార్డ్ ఇంట్లో ఐస్‌క్రీమ్ బకెట్లు పదకొండు ఉండేవి. ఐస్‌క్రీమ్ మాత్రం ఒక్కదాంట్లోనూ ఉండేది కాదు. ఉత్తర మిన్నెసోటాలోని ఆ ఊళ్లో ఎవరింట్లో చూసినా అంతే. ఐస్‌క్రీమ్ వారంలో అయిపోతుంది, బకెట్ మాత్రం మనిషికన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. ఒకదాంట్లో మేకులు, ఒకదాంట్లో బొత్తాలు, ఒకదాంట్లో మొన్నటి సూపు. మూత తీస్తే గాని లోపల ఏముందో తెలియదు. వాషింగ్ మెషీన్ మీదున్న బకెట్లో అర్డిస్ అప్పులుండేవి.

అన్నీ చదువు కోసం ప్రభుత్వం దగ్గర చేసినవే. మొత్తం ఏడు. మొదటి రెండూ పళ్లు శుభ్రం చేసే చదువుకి. ఆరు నెలలు ఊరివాళ్ల నోళ్లలోకి చూశాక ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని భోంచేయలేక మానేసింది. మూడోది పశువుల ఆసుపత్రి చదువుకి. పిల్లిని ముట్టుకుంటే తనకు కళ్లు వాచిపోతాయని ఫీజు కట్టాకే తెలిసింది. నాలుగోది వాతావరణ శాస్త్రానికి. అది మాత్రం ప్రాణం పెట్టి చదివింది. తల్లికి పక్షవాతం రావడంతో సగంలో ఇంటికొచ్చేసింది. చివరి మూడూ టీచరు చదువుకి. ఆ చదువే ఇప్పుడు తిండి పెడుతోంది. పదకొండేళ్లుగా ప్రభుత్వ బడిలో ఏడో తరగతికి సైన్సు చెబుతోంది. రెండు వారాల్లో ముగించాల్సిన మేఘాల పాఠాన్ని ఏటా ఐదు వారాలు చెబుతుంది. పిల్లలకు కారణం తెలియదు గానీ, అదంతా నాలుగో అప్పు తాలూకు ఉత్సాహం.

పదేళ్లు ప్రభుత్వ కొలువులో ఉండి వాయిదాలు కడితే మిగిలింది మాఫీ అని నిబంధన. అయితే ఆమె పాత అప్పులు ఆ నిబంధన కిందకి రాని రకం. ఏడింటినీ కలిపి ఒకే అప్పుగా మార్చమని ఏప్రిల్ ముప్పైలోగా దరఖాస్తు పంపితే, కట్టిన ఏళ్లన్నీ లెక్కలోకి వస్తాయని ఫోనులో ఓ అమ్మాయి చెప్పింది. పంపకపోతే? మళ్లీ ఒకటి నుంచి మొదలు. అర్డిస్‌కి నలభై తొమ్మిదేళ్లు.

దరఖాస్తు నింపింది. బడిలో ప్రయోగం ఫలితాలు సరిచూసినట్టు అంకెలన్నీ నాలుగుసార్లు సరిచూసింది. చివరి రెండు గళ్లు మాత్రం ఖాళీగా ఉండిపోయాయి. మూడేళ్లకు పైగా ఆమెను ఎరిగిన ఇద్దరి పేర్లు, చిరునామాలు కావాలట. ఊరంతా పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాళ్లే. కానీ ఎవరినైనా అడగాలంటే అప్పుందని చెప్పాలి. అందరికీ తను స్కాలర్‌షిప్పుతో చదివానని చెప్పుకుంది మరి.

ఆ అబద్ధానికి మూలం లవోన్ గారు. చర్చి వంటగదికి ఆవిడే పెద్ద. చాలా ఏళ్ల కిందట అర్డిస్ చదువుకి చర్చిలో చందా పోగుచేయమంటావా అని ఆవిడే అడిగింది. ఆ ఊళ్లో కాఫీ అయినా సాయమైనా రెండుసార్లు వద్దని, మూడోసారి సరేననడం మర్యాద. అర్డిస్ రెండుసార్లు వద్దంది. మూడోసారి అడుగుతారని నెలంతా ఎదురుచూసింది. లవోన్ గారు అడగలేదు. చందా వద్దన్నాక అప్పు చేస్తున్నానని చెప్పలేక, స్కాలర్‌షిప్పు వచ్చిందని అందరికీ చెప్పి, అర్డిస్ వెళ్లి ప్రభుత్వాన్ని అడిగింది. ప్రభుత్వం ఒక్కసారికే సరేనంది.

ఏప్రిల్ ఇరవై ఎనిమిది ఆదివారం. బయట ఇంకా మంచు పడుతోంది. ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో అందరూ తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినడం రివాజు. అర్డిస్ చాక్లెట్ ముక్కలు చేసి ఓ ఐస్‌క్రీమ్ బకెట్లో సర్దింది. బకెట్ బల్ల మీద పెట్టి కాఫీ పోసుకోవడానికి వెళ్లింది. చేపల ఎరలమ్మే వర్న్ ముసలాయన మూత తీశాడు.

"అర్డిస్," అన్నాడు చాలాసేపటికి. "ఇది... కొంచెం వేరేగా ఉందమ్మా."

ఆ ఊళ్లో అంతకు మించిన నింద లేదు. అర్డిస్ వెనక్కి తిరిగి చూసి కాఫీ చేతిమీద పోసుకుంది. చాక్లెట్ ముక్కలు ఇంట్లో వాషింగ్ మెషీన్ మీద ఉండిపోయాయి. ఇక్కడ ఓవెన్లో కాల్చిన బంగాళాదుంపల హాట్‌డిష్ పక్కన ఏడు అప్పులు, వాటి మీద రెండు ఖాళీ గళ్లతో దరఖాస్తు.

అందరూ మూత మళ్లీ పెట్టేసినట్టే మంచు గురించి మాట్లాడుకున్నారు. అర్డిస్ వంటగదిలోకి పారిపోయి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. తిరిగొచ్చేసరికి దరఖాస్తు బల్ల మీద ఉంది. మొదటి గడిలో వర్న్ పేరు, చిరునామా. బంధుత్వం అన్న చోట "ఆవిడ నా దగ్గర వానపాములు కొంటుంది" అని రాసి ఉంది.

రెండో గడి ఖాళీ. పెన్ను మాత్రం బల్ల చుట్టూ తిరుగుతోంది.

"మీరు రాయండి, మీకే బాగా తెలుసు."

"అయ్యో, మీ ముందు నేనెంత! మీరే రాయండి."

పళ్లెంలో చివరి ముక్కకి పట్టే గతే ఆ గడికీ పట్టింది. ముక్కనైతే సగం, సగంలో సగం కోసుకుంటూ పోతారు. గడిని కోయడం కుదరలేదు. చివరికి పెన్ను పళ్లెంలో పెట్టి, ఒక్కొక్కరే కోట్లు తొడుక్కుని వెళ్లిపోయారు.

మిగిలింది లవోన్ గారు. బల్ల తుడుస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "రెండోది నేను రాయనా?"

"అయ్యో, వద్దండి." నోరు దానంతటదే అనేసింది.

"రాసేస్తానే, ఏముంది."

"వద్దండీ, మీకెందుకు శ్రమ."

లవోన్ గారు గుడ్డ పిండి ఆరేసింది. కోటు తొడుక్కుంది. బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. అర్డిస్ ఆ బొత్తాలు లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. కోటుకి ఐదే బొత్తాలు. ఐదోదాంతో పదకొండేళ్లూ పోతాయి.

"ఆ రోజు మీరు రెండుసార్లే అడిగారు!" అని అరిచింది.

లవోన్ గారి చెయ్యి నాలుగో బొత్తాం మీద ఆగింది. "ఏ రోజు?"

"చందా రోజు. మూడోసారి అడగలేదు మీరు."

"అడిగానే! బయట, కార్ల దగ్గర. మైనస్ ముప్పై చలిలో నీ కారు అద్దం కొట్టి మరీ అడిగాను. నువ్వు అద్దం దించకుండా నవ్వుతూ చెయ్యూపి వెళ్లిపోయావు. ఎంత పొగరు ఈ పిల్లకి అనుకున్నా."

"మీరు వీడ్కోలు చెబుతున్నారనుకున్నానండీ! ఆ కారు అద్దం దిగేది కాదు, గడ్డకట్టుకుపోయింది!"

లవోన్ గారు దరఖాస్తు వంక చూసింది.

"అయితే ఇప్పుడు మూడోసారి అడగాలా నేను?" అంది లవోన్ గారు.

"వద్దు," అంది అర్డిస్. ఆవిడ చెయ్యి మళ్లీ బొత్తాం మీదికి పోవడం చూసి పళ్లెంలోంచి పెన్ను తీసి ఆ చేతిలో పెట్టింది. "అడగొద్దు. రాసేయండి."

లవోన్ గారు కూర్చుని, కళ్లద్దాలు తుడుచుకుని, నింపాదిగా రాసింది. బంధుత్వం దగ్గర కాసేపు ఆగి, ఏదో రాసి, కాగితం మడిచి ఇచ్చేసింది. అర్డిస్ సోమవారం పొద్దున పోస్టాఫీసులో కవరు అంటించే ముందు విప్పి చూసింది.

"మూడుసార్లు అడిగాను," అని ఉంది.