బల్ల మీద పెట్టిన ఎడమ చెయ్యి

మా మేనమామ పోయి పక్షం రోజులైంది. "మీ మామ లేడప్పా" అని అత్త ఫోన్లో ఒక్క మాట చెప్పి పెట్టేసింది. హూడి నుంచి నేను నగర్తపేటలో వాళ్ళింటికి చేరేసరికి మామ తుపాకి కాల్చే షూటింగ్ క్లబ్బు వాళ్ళంతా గుమ్మంలో నిలబడి ఉన్నారు.

మామకు ఇంటి కిందే ఇనుము చెక్కే లేతు మిషన్ షాపు. ఆదివారం వస్తే క్లబ్బు. కాల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరుకొచ్చి మళ్ళీ మందు నింపుకోవడం ఆయన సరదా. అందుకు లైసెన్సులో అనుమతి కూడా రాయించుకున్నాడు. నేనూ నేర్చుకుంటానని సామానంతా కొనుక్కుని వెళితే, దాని వంక చూడకుండా ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. చూపుడు వేలు సగమే ఉంది.

"ఇదే మొదటి పాఠం. కొత్తల్లో మాట్లాడుకుంటా మందు పోస్తి. ఒకే గొట్టంలో రెండు తూర్లు పడె. తుపాకి చేతిలోనే పగిలె. తప్పు తుపాకిది కాదు, నాది. ఇంతకన్నా సిగ్గు ఏముండాదప్పా?"

ఆ బల్ల దగ్గర నోరు విప్పకూడదు. మధ్యలో ఫోన్ మోగిందా, చేతిలోని గొట్టం ఒంపేసి మొదటికి రావాలి. "అనుమానమొస్తే ఒంపెయ్. మందు మళ్ళా దొరుకుతాది, వేలు దొరకదు" అనేవాడు. నేనసలే వాగుడుకాయను. ఎన్నిసార్లు ఒంపించినా విసుక్కోలేదు, మహానుభావుడు.

కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆ చెయ్యి చూపి నిజం చెప్పిన మనిషి, అత్తకు మాత్రం లేతు మిషన్ కోసిందన్నాడు. ఆమె ఆ మిషన్‌ను శాపనార్థాలు పెడుతుంటే తల దించుకుని అన్నం తినేవాడు. పాపం అమాయకురాలని మేం క్లబ్బులో నవ్వుకునేవాళ్ళం.

దినాలయ్యాక బంధువొకాయన "ఆ పాడు మిషనే కదమ్మా వేలు తినింది" అన్నాడు. అత్త తలూపింది. ఆయన వెళ్ళాక నావైపు తిరిగింది.

"కట్టు మార్చింది నేను గదప్పా. మిషన్ కోస్తే చర్మం కింద మందు చుక్కలు నల్లగా ఉంటాయా?"

"మరి అడగలేదేం అత్తా?"

"అడిగితే ఆయప్ప నా ముందర తలెట్లా ఎత్తాల? మిషన్‌కేమి సిగ్గా, ఎంత తిట్టినా పడుంటాది."

నాకు తల కొట్టేసినట్టయింది. మామ సిగ్గును అన్నేళ్ళు కాచింది ఆమె. ఆమెను చూసి నవ్వింది మేము.

లేచి కింద షాపులోకి దిగాను. నా వెనకే అత్త కుంకుమ భరిణె పట్టుకుని వచ్చింది. కొంగుతో లేతు మిషన్ దుమ్ము తుడిచి, బొట్టు పెట్టి, "ఊరికే తిడితిని దీన్ని" అంది.