పైన తాలు, లోపల మేలు

ఆ రోజుల్లో మేం దేన్నీ పైపైన చూసి నమ్మేవాళ్ళం కాదు. గుంటూరు మిర్చి యార్డు నేర్పిన బుద్ధి అది. టిక్కీ (మిరపకాయల బస్తాను మేం అలాగే అంటాం) మూతి దగ్గర నిగనిగలాడే ఎర్రకాయలు పేర్చి, అడుగున తెల్లబారిన తాలుకాయలు దాచే ఘనులు ఎంతమందో. అందుకే కొనేవాడు మోచేతి దాకా లోపలికి దూర్చి, నడిమి నుంచి గుప్పెడు తీసి చూస్తాడు. అదే మచ్చు. బళ్ళో నేను చదివింది మూడో తరగతి, మిగతా చదువంతా ఆ మచ్చు దగ్గరే. ఆ చదువు నన్నెక్కడా మోసం చేయలేదు, ఒక్క కంప్యూటరు దగ్గర తప్ప.

అప్పటికి నేనూ నా తోటికోడలూ కోల్డు స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే కూలి మానేసి, సొంతంగా కారం పట్టించి అమ్ముదామని దిగాం. చీరాల షావుకారు ఒకాయన రుచి చూసి, “కారం బానే ఉందమ్మా, కానీ విడి సరుకు నాకొద్దు. పేరు అచ్చేసిన పొట్లాలు శనివారానికి తెండి. లేకపోతే ఒంగోలు వాళ్ళకి చెప్పేస్తా” అన్నాడు. కారమంతా అప్పటికే పట్టించేశాం. ఆయన కాదంటే మళ్ళీ తొడిమల దగ్గర కూర్చోవాల్సిందే.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం నల్లపాడు నుంచి ఆటోలో గుంటూరు వెళ్ళి డీటీపీ షాపులో కూర్చున్నాం. షాపాయన్ని అందరూ రంగుల భాయ్ అనేవారు (ఆయన చొక్కా మీద సిరా మరక లేని రోజు నేను చూళ్ళేదు). ‘మా ఇంటి కారం’ అని ఎర్రగా కొట్టి, తెర మా వైపు తిప్పాడు. తెలుగు అక్షరమంటే గారెలా గుండ్రంగా ఉండాలా? ఇక్కడేమో ప్రతి వంపుకీ రంపం పళ్ళు.

“ఎలకలు కొరికినట్టున్నాయక్కా!” అంది తోటికోడలు.

“తెర మీద అట్లాగే కనపడుద్దమ్మా, అచ్చులో నున్నగా వస్తది” అన్నాడు భాయ్.

నేను నమ్మలేదు. తాలుసరుకు అమ్మేవాడు సైతం పైన మంచికాయలే పేరుస్తాడు. పైనే తాలు పెట్టినవాడు లోపల ఇంకేం పెట్టాడో! కొంగుతో తెర తుడిచాను. పళ్ళు పోలేదు. భాయ్ అక్షరాల ఫాంటు మార్చాడు. అక్షరాలు లావెక్కాయి, వాటితోపాటు పళ్ళూ లావెక్కాయి. కంప్యూటరు ఆపేసి మళ్ళీ వేశాడు. అది లేచేసరికి నాకు కునుకు పట్టింది. తోటికోడలు గుమ్మం దాకా పోయి, “ఇక్కణ్ణించి బానే ఉందక్కా!” అంది.

“కొనేవాళ్ళు వీధిలో నిలబడి చదువుతారటే?” అని కసిరి, భాయ్ వైపు తిరిగాను. “మచ్చు తియ్యి.”

“మచ్చేందమ్మా?”

“లోపల నున్నగా ఉందన్నావుగా. తీసి చూపించు.”

“కాయితం ఖర్చు, ఇంకు ఖర్చు. దానికి వేరే అవుద్దమ్మా.”

“మచ్చుకి ఎవడన్నా డబ్బులడుగుతాడా? గుంటూర్లోనే పుట్టావా నువ్వు?”

నేనూ పిసినారినే, అతనూ పిసినారే. మా ఇద్దరి మధ్య ఒక్క కాగితం కదలడానికి మధ్యాహ్నమైంది. పక్కనున్న ప్రెస్సువాడు, “ఇంకో గంటలో ఇవ్వకపోతే మీ పని సోమవారమే” అని అరిచాడు. తోటికోడలి మొహం వాడిపోయింది. నేను మాత్రం కదల్లేదు. చివరికి భాయే లేచి, “నమాజుకి టైమైపోతోంది, మీకో దండం తల్లీ” అంటూ ఎవరిదో పాత పెళ్ళిపత్రిక వెనకవైపు అచ్చు తీసిచ్చాడు.

వెలుతురుకు పెట్టి చూశాను. బొటనవేలితో రుద్దాను, గోటితో గీకాను. ఒక్క పన్ను లేదు. గారెల్లాంటి అక్షరాలు.

“మరి పైన ఆ తాలెందుకు పెట్టావయ్యా?”

“మిషను పాతదమ్మా. పని గబగబా అవ్వాలని ముతకగా చూపించేట్టు పెట్టుకున్నా, డ్రాఫ్ట్ వ్యూ అంటారు. నున్నగా చూపించమంటే అక్షరానికో ఆవులింత ఆవులిస్తది.”

“ఆవులించనీ” అన్నాను. ఏదో నొక్కి నమాజుకు వెళ్ళిపోయాడు. అక్షరాలు ఒక్కొక్కటే నున్నబడుతుంటే మేం తెచ్చుకున్న పెరుగన్నం తిన్నాం. పైన తాలు పరిచి లోపల మేలు సరుకు దాచిన వ్యాపారిని నా జన్మలో అతన్నొక్కణ్ణే చూశాను.

భాయ్ తిరిగొస్తూనే అచ్చుకాగితం ప్రెస్సుకు పంపాడు. సాయంత్రానికి లేబుళ్ళు చేతికొచ్చాయి. మైదా జిగురుతో కాగితం సంచులకు అంటించి, శనివారం చీరాల బస్సెక్కాం. షావుకారు ఒక పొట్లం తీసుకున్నాడు. దాని మీద ఏం రాసుందో చూడనైనా లేదు. బొటనవేళ్ళు సరిగ్గా ‘కారం’ మీద ఆనించి నిలువునా చించాడు. నడిమి నుంచి చిటికెడు తీసి, అరచేతిలో రుద్ది, వాసన చూసి, గట్టిగా తుమ్మాడు.

“బాగుంది. సరుకు దించండి.”

“అక్కా, అక్షరాలు!” అంది తోటికోడలు ఏడుపుగొంతుతో.

“నోరుముయ్యవే” అన్నాను. ఆయన మాత్రం ఏం చేశాడు, మచ్చు తీశాడు. నేనైనా అదే చేసేదాన్ని.

ఇప్పుడు మా కారానికి లేబుళ్ళు నా మనవరాలు ఫోనులోనే చేస్తుంది. అక్షరాలు తెర మీదే వెన్నపూసలా ఉంటాయి. “బాగుందా నానమ్మా?” అంటుంది. “అచ్చు తీసి చూపించు” అంటాను. నవ్వి పోతుంది. ఆనాడు చిరిగిన ‘కారం’ ముక్కని షావుకారు కొట్లో నేల మీది నుంచి ఏరి తెచ్చుకున్నాను, పొయ్యి అంటించుకోవడానికన్నా పనికొస్తుందని. గ్యాసు పొయ్యి వచ్చి ఎన్నాళ్ళో అయింది. ముక్క ఇంకా కారం డబ్బా కిందే ఉంది.