పదకొండో గ్లాసు

రెండువేల ఇరవై మూడు, మే నెల. కావలి బస్టాండు ఎదురుసందులో నాది చిన్న ట్రావెల్స్ ఆఫీసు. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ నిండా నేను వెళ్ళిన ఊళ్ళ ఫోటోలు, వాటి పక్కనే వెళ్ళని ఊళ్ళ ఫోటోలు. టూరు అమ్మడమంటే సగం మాటల వ్యాపారమే. మదురై గురించి అడిగినవాళ్ళకి నేను చెప్పేది ఇదీ: "ఆ ఊళ్ళో దిగి గట్టిగా గాలి పీల్చినారంటే అరపూట భోజనం అయిపోయినట్టే. చట్నీ బాగాలేకపోతే అక్కడ కుక్కలు కూడా ఇడ్లీ ముట్టవు." ఇందులో రెండోది నిజం. కావాలంటే పోయి చూడండి.

మా సముద్రం ఒడ్డు ఊళ్ళలో వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరపడవలు నీళ్ళలోకి దిగకూడదు. ఆ ఇళ్ళ మగవాళ్ళు ఏడాది మొత్తంలో తీరిగ్గా దొరికేది అప్పుడే. అందుకని మే నెల వస్తే నా ఆఫీసులో చేపల వాసన, నా మొహంలో కళ.

బోగోలు దగ్గర ఒక పాలెం నుంచి శీనయ్య వచ్చాడు, వెంట వాళ్ళమ్మ కోటమ్మవ్వ. నలభై ఏళ్ళు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మిన మనిషి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, ముందు కుర్చీ కాలు కదిలించి చూసింది. శీనయ్య భార్య రమణమ్మ ఫోన్లో తిండి వీడియోలు చూసీ చూసీ మదురై తప్ప ఇంకో ఊరు వద్దందట. పదకొండు మంది, నాలుగు రోజులు, పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్.

ఇటినరరీ అంటే ఏ పూట ఎక్కడుంటామో రాసుకునే కాగితం. మామూలుగా అందులో గుళ్ళూ కోటలూ ఉంటాయి. వీళ్ళ కాగితంలో ఇడ్లీ, పైన మాంసం పరిచే కరి దోశ, పరోటా, జిగర్‌తండా ఉన్నాయి. గుడి ఎక్కడో మధ్యలో ఇరుక్కుంది.

అంతా విని అవ్వ ఒక్క మాట అంది.

"అబ్బయా, బండి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మా తలకాయలు లెక్కబెట్టగూడదు."

"లెక్క లేకపోతే ఎట్టవ్వా? ఎవరన్నా తప్పిపోతే?"

"మా ఆయన సముద్రంలో పోయిన పొద్దు ఒడ్డున నిలబడి ఎవరో లెక్కబెట్టినారు. ఏడుగురు అన్నారు. తిరిగొచ్చింది ఆరుగురు. ఇంక నువ్వు నాకు చెప్పబాకు."

నేను సరేనన్నాను.

మా పనిలో హెడ్‌కౌంట్ అనేది ఒకటుంది. ఆగిన ప్రతిచోటా, బండి కదిలేముందు, ఎంతమంది ఎక్కారో వేలు చూపించి లెక్కపెట్టడం. అది చెయ్యనివాడు ఈ పనికి పనికిరాడు. చెయ్యనని ఒప్పుకున్నానే గానీ, నా బుర్ర ఊరుకుంటుందా? అవ్వ తలలు లెక్కపెట్టొద్దంది, ఆకులు లెక్కపెట్టొద్దనలేదు కదా! మదురైలో రెండు గంటలకోసారి ఏదో ఒకటి తింటూనే ఉంటాం. పదకొండు ఆకులు, పదకొండు ప్లేట్లు, పదకొండు గ్లాసులు. లెక్క సరిపోతే మనుషులు సరిపోయినట్టే. మొదటి రెండు రోజులూ ఇట్లాగే నడిచింది. నా తెలివికి నేనే మురిసిపోయి రాత్రి అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆలస్యంగా ఒక మెస్సుకి తీసుకెళ్ళాను. మెస్ అంటే ఇంటి వంటలాంటి భోజనం పెట్టే చిన్న హోటలు. అక్కడ ఐరమీను పులుసు ప్రసిద్ధి. వేలెడు పొడవు కూడా లేని మంచినీటి చేప అది. అవ్వ ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అందరం ఆమె తీర్పు కోసం చూస్తున్నాం.

"బాగుండాది. కానీ మామిడికాయ ముక్క లేదు. మా నెల్లూరోడు చూస్తే ఏడస్తాడు."

నాది కాక పదకొండు ఆకులు లెక్కపెట్టుకున్నాను. అక్కడినుంచి రెండు వీధులు నడిచి జిగర్‌తండా కొట్టుకి వెళ్ళాం. పాలు, బాదం జిగురు, సుగంధిపాల షర్బత్తు, పైన ఐస్‌క్రీమ్ వేసి ఇచ్చే చల్లటి పానీయం. ఎండకి రోడ్డు సెగలు కక్కుతోంది, కొట్టు ముందు జనం గుంపులుగా ఉన్నారు. నేను పక్కన టీ తాగుతూ మా వాళ్ళ బల్ల మీద ఖాళీ గ్లాసులు లెక్కపెట్టాను. పదకొండు. నడుచుకుంటూ బండి దగ్గరికెళ్ళి, ఎక్కి, అక్కడి పాతకాలపు రాజమహల్ చూద్దామని బయలుదేరాం.

పావుగంట గడిచింది. ట్రాఫిక్కులో బండి నత్తనడక. రమణమ్మ వెనక్కి తిరిగి, "అత్తా, చందనని ఇట్టా పంపు, జడ ఊడిపోయింది," అంది.

చందన శీనయ్య వాళ్ళ కూతురు. ఎనిమిదేళ్ళు.

"నా కాడ యాడుంది?" అంది అవ్వ. "నీ పక్కన గదా కూర్చునింది?"

బండిలో అందరూ లేచారు. సీట్ల కింద చూశారు. ఎనిమిదేళ్ళ పిల్ల సీటు కింద ఎందుకుంటుంది? అయినా చూశారు. నేనూ చూశాను.

ఆ రోడ్డు వన్‌వే. బండి తిప్పే వీల్లేదు. మిగతా పిల్లల్ని డ్రైవరుకి, ఇద్దరు ఆడవాళ్ళకి అప్పగించి దిగి పరుగెత్తాం. శీనయ్య ముందు, వెనక రమణమ్మ, అవ్వ, అవ్వ కూతురు సుబ్బులు, ఆమె మొగుడు మస్తానయ్య, నేను. జిగర్‌తండా కొట్టువాడికి ఫోన్లో పిల్ల ఫోటో చూపిస్తే, "రోజుకి ఎంతమంది పిల్లలొస్తారు సార్, ఎవరని గుర్తుపెట్టుకోను?" అన్నాడు. శీనయ్య ఆ వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తాడు. తిరిగొచ్చి మళ్ళీ పరుగెత్తాడు. పడవ తాడు లాగి కాయలు కాచిన చేతులు, ఆ చేతులతో ఊరికే గాల్లో ఏదో పట్టుకోబోతున్నాడు. రమణమ్మ రోడ్డు మీదే కూలబడింది. "చందనా" అని దారినపోయే ప్రతి పిల్లనీ పిలుస్తోంది.

చుట్టూ ఊరు ఊరిలాగే ఉంది. పరోటా పెనం మీద గరిటె చప్పుడు, పూలమ్మేవాళ్ళ కేకలు, ఆటోల హారన్లు. ప్రతి సందు మొగలో ఒక పిల్ల జడ కనిపిస్తుంది, దగ్గరికెళ్తే వేరే పిల్ల. నేను జీవితంలో కోతలు చాలా కోశాను. అప్పుడు మాత్రం ధైర్యం చెప్పడానికి ఒక్క చిన్న అబద్ధం కూడా నోటికి రాలేదు.

అవ్వ నా పక్కకొచ్చి మెల్లగా అంది. "సముద్రమైతే రెండోనాడో మూడోనాడో ఒడ్డుకి తెచ్చి పడేస్తది అబ్బయా. ఈ ఊరు తెచ్చిస్తదా?"

నేను పోలీసులెవరైనా కనిపిస్తారేమోనని చుట్టూ చూశాను.

వీధి మలుపులో ఉన్న ఆడ కానిస్టేబులు మమ్మల్ని చూసి వచ్చింది. నాకొచ్చిన అరకొర అరవంలో సంగతి చెప్పాను. ఆమె ఫోటో తీసుకుని వైర్‌లెస్‌లో ఎవరికో చెప్పి, నా వైపు తిరిగింది.

"చివరిసారి ఎక్కడ చూశారు?"

"ఇక్కడే. జిగర్‌తండా తాగింది."

"మీరు చూశారా?"

"చూశాను. గ్లాసులు..." అని ఆగిపోయాను.

"పిల్లని చూశారా, గ్లాసుని చూశారా?"

అరవం రాకపోయినా అవ్వకి నా మొహం అర్థమైంది. "ఏందబ్బయా, ఏమడగతా ఉండాది ఆమె?"

అబద్ధం చెప్తే అప్పటికి తప్పించుకునేవాణ్ణే. కానీ చెప్పేశాను. "అవ్వా, నేను లెక్కపెట్టాను. తలలు కాదు. ఆకులు, గ్లాసులు. మూడు రోజులుగా ప్రతి పూటా లెక్కపెడుతున్నాను. ఇక్కడ పదకొండు గ్లాసులు ఉన్నాయి, అందుకే బండి కదిలించాను."

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శీనయ్య నా చొక్కా పట్టుకున్నాడు. "వద్దంది గదన్నా మా అమ్మ! వద్దని చెప్పింది గదా!"

అప్పుడు మస్తానయ్య గొంతు వినిపించింది. ఆయనకి షుగరు. సుబ్బులు ఆయన టీలో పంచదార కూడా వేయనివ్వదు. ఆయన భార్య వైపు చూడకుండా, గోడతో చెప్తున్నట్టు చెప్పాడు.

"బావా... నేను రెండు తాగినాను."

"ఏంది?"

"సుబ్బులు చెయ్యి కడుక్కోను పోయినప్పుడు ఇంకో గ్లాసు అడిగి తాగినాను. పదకొండులో రెండు నాయి."

సుబ్బులు ఆయన్ని తిట్టకుండా పోయి రమణమ్మని లేపి నిలబెట్టింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

శీనయ్య నా చొక్కా వదిలేశాడు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. అంటే చందన ఈ కొట్టు దాకా రానేలేదు. ముప్పావుగంట సేపు మేం వెతికింది పిల్ల అడుగు కూడా పెట్టని వీధిలో. మెస్సులో ఆకులు పదకొండు, అది కళ్ళారా చూసిన లెక్క, అక్కడ పిల్ల నా ఎదురుగానే కూర్చుని పులుసులో చేపలు ఏరుకుని తింది. పోతే మెస్సులో పోవాలి, లేదా ఈ రెండు వీధుల్లో పోవాలి.

పరుగెత్తాం. కానిస్టేబులు మాకంటే ముందు. దారిలోనే మెస్సు నంబరుకి ఫోను చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తరు. వీధి తిరిగేసరికి మెస్సు షట్టరు దించి ఉంది. మధ్యాహ్నం వడ్డన అయిపోతే రాత్రిదాకా మూసేస్తారు. ఆ షట్టరు వెనక ఫోను మోగడం నాకు వినిపించింది. నా చేతిలో ఫోను చెవికి ఆనించి ఉంది, లోపల ఖాళీ హోటల్లో గంట మోగుతోంది. ఇప్పటికీ ఎవరైనా ఫోను ఎత్తకపోతే నా వెన్నులో ఆ గంటే మోగుతుంది.

శీనయ్య షట్టరు మీద రెండు చేతులతో బాదాడు. కానిస్టేబులు పక్క సందులోంచి పెరటి వైపుకి దారి ఉందని చూపించింది. మనిషి అడ్డంగా నడిస్తే తప్ప పట్టని సందు. అవ్వ అందర్నీ తోసుకుని ముందు దూరింది.

పెరట్లో హోరున పారే కుళాయి పక్కన ఇద్దరు ఆడవాళ్ళు పీటల మీద కూర్చుని, రాత్రి వంటకి బేసినులో చేపలు కడుగుతున్నారు. మూడో పీట మీద చందన. గౌను మోకాళ్ళ దాకా తడిసిపోయింది. చెయ్యి కడుక్కుందామని వెనక్కొచ్చిన పిల్ల, బేసినులో కదిలే చేపల్ని చూసి అక్కడే కూర్చుండిపోయింది. ఆ ఇద్దరిలో ఒకావిడ ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, మదురైలో అట్లాంటి కుటుంబాలు బోలెడున్నాయి. పిల్ల తెలుగులో కబుర్లు చెప్తుంటే పక్కవాటాకి వచ్చిన చుట్టాల పిల్ల అనుకుందట.

"అవ్వా, ఈ చేపని చూడు, పాముపిల్ల మాదిరి ఉండాది! చచ్చిపోలేదు కూడా!" అంది చందన.

రమణమ్మ వెళ్ళి వీపు మీద ఒక్కటి వేసి, అదే చేత్తో గుండెకి అదుముకుంది. శీనయ్య కుళాయి గట్టు మీద కూర్చుని మొహం కడుక్కుంటూనే ఉండిపోయాడు. అవ్వ తడినేల మీదే చతికిలబడి, పిల్ల కాలివేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది.

నేను దగ్గరికి పోయాను. "తప్పయిపోయిందవ్వా. నువ్వొద్దన్నా లెక్కపెట్టాను."

"లెక్కబెడితే బెట్టినావు," అంది అవ్వ, నా వైపు చూడకుండా. "మనుషుల్ని ఒదిలిపెట్టి ఎంగిలి గ్లాసులు లెక్కబెట్టినావు చూడు, అదీ తప్పు."

బండి దగ్గరికి వచ్చాక అవ్వ లోపలున్నవాళ్ళని కూడా దింపి మెట్టు దగ్గర నిలబడింది. ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచింది. "శీనయ్యా." "ఉండానమ్మా." "సుబ్బులూ." "ఉండా." మస్తానయ్య దగ్గరికి వచ్చేసరికి, "రెండు గ్లాసులోడా," అంది. "ఉండానత్తా," అన్నాడు ఆయన. పలికినవాళ్ళే పైకి ఎక్కారు. చివరికి, చంకలో ఉన్న పిల్లనే పిలిచింది. "చందనా."

"నీ చంకలోనే గదా ఉండాను అవ్వా!"

"నోటితో చెప్పు."

"ఉండాను."

అప్పుడుగానీ డ్రైవరుని తాళం తిప్పనివ్వలేదు.

ఆ టూరు తర్వాత నేను హెడ్‌కౌంట్ మానేశాను. నలభై సీట్ల బస్సయినా సరే, ముందురోజు పేర్లన్నీ నోటికి నేర్చుకుంటాను, బండి కదిలేముందు పేరుపేరునా పిలుస్తాను. గొంతు బొంగురుపోతుంది, ఆలస్యమవుతుంది, కొత్తవాళ్ళు బడిలో హాజరా అని వెక్కిరిస్తారు. చెయ్యెత్తితే నేను ఒప్పుకోను. పక్కవాళ్ళు "ఉన్నాడులే అన్నా" అంటే అస్సలు ఒప్పుకోను. ఆ మనిషి గొంతు నా చెవిన పడాలి.